అగ్నిపర్వతం వాలులో బెల్లం పొయ్యి

తిరిగి వచ్చి నెల దాటింది. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కనిపించిన ప్రతివాడూ నన్ను రెండు ప్రశ్నలు అడుగుతున్నాడు. మొదటిది, కొండలు నిప్పులు కక్కే చోట జనం ఎలా కాపురాలు చేస్తున్నారని. రెండోది, మా బావ అప్పలనాయుడు అక్కడి రేడియోలోకి ఎలా ఎక్కాడని. రెండోదానికి సరిగ్గా జవాబు చెబితే మొదటిదానికి కూడా చెప్పినట్టే అవుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక ఇలా రాస్తున్నాను.

దేశం పేరు ఎల్ సాల్వడార్. రెండు అమెరికాలను కలిపే సన్నటి నేల మీద, పసిఫిక్ సముద్రం ఒడ్డున ఉంటుంది. మన పాత మూడు ఉత్తరాంధ్ర జిల్లాలు కలిపితే అంతకంటే కాస్త పెద్దవే. ఆ కాస్త చోటులో ఇరవైకి పైగా అగ్నిపర్వతాలున్నాయి. వాటిలో ఒకదాని చుట్టూ చెరకు పండిస్తారు, బెల్లం వండుతారు. బెల్లం వండే చిన్న రైతుల సంఘాలు ఒకరి పని ఒకరు చూసుకోవాలని పిలిస్తే, మా వైపు నుంచి అప్పలనాయుడు వెళ్ళాడు. ఇంగ్లీషు మాట్లాడే తోడు కావాలన్నారు కాబట్టి నేనూ వెళ్ళాను. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి, సాయంత్రాలు మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. పాఠంలో వెయ్యిసార్లు బోర్డు మీద గీసిన అగ్నిపర్వతాన్ని ఒక్కసారైనా కళ్ళతో చూడకుండా పోకూడదనుకున్నాను.

అప్పలనాయుడు మా చెల్లెలి భర్త. చెరకు ఆడే రోజుల్లో గానుగ వదిలి ఎలా వస్తావని అడిగాను.

"మీ సెల్లి నడుపుతానంది బావా. నాకన్నా గట్టిగానే నడుపుద్ది" అన్నాడు.

నిజమే. మేము అక్కడున్న తొమ్మిది రోజుల్లో ఆవిడ ఒక్కసారి కూడా ఫోన్ చేసి సలహా అడగలేదు. అది మా బావకు కొంచెం బాధగానే ఉండింది.

సంచిలో తెల్ల పొడి

విమానాశ్రయంలో మా బావ సంచి విప్పారు. అందులో కిలో సున్నం పొడి, పాలిథిన్ సంచిలో మూటగట్టి ఉంది. చెరకు రసంలోని మురికి విరిగి పైకి తేలడానికి సున్నపు తేట కలపడం మన పద్ధతి. అక్కడ దొరుకుతుందో లేదో అని ఇంటి నుంచి తెచ్చుకున్నాడు, నాకు చెప్పకుండా. తెల్ల పొడి చూడగానే ముగ్గురు అధికారులు, ఒక కుక్క వచ్చి నిలబడ్డారు.

"సున్నం బాబూ. బెల్లంలోకి" అని బావ తెలుగులోనే చెప్పాడు, గట్టిగా చెబితే అర్థమవుతుందన్నట్టు.

నేను సైన్సు మాస్టారి తెలివి చూపించి రసాయన నామం చెప్పాను. దాంతో ఇంకో ఇద్దరు వచ్చారు. గంట తర్వాత ఏదో పరీక్ష చేసి, అందులో ఒకామె పకపకా నవ్వింది. "ఇది మా అమ్మ రోజూ వాడుతుంది" అంది. ఆ దేశంలో మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, పొట్టు వదిలాక రుబ్బి రొట్టెలు చేస్తారట. సున్నం లేని వంటిల్లు ఉండదు. అంత చెప్పి కూడా ఆమె మా సున్నాన్ని తిరిగి ఇవ్వలేదు. నియమం నియమమే అంది. పోయిన కిలో సున్నానికి మా బావ రెండు రోజులు విచారించాడు.

ఉయ్యాలల లోయ

రాజధాని ఉన్న లోయకు అక్కడివాళ్ళు ఉయ్యాలల లోయ అని పేరు పెట్టుకున్నారు. నేల తరచుగా ఊగుతుంది కనుక. మేము అక్కడ ఉన్నది ఒక్కరోజే. మమ్మల్ని తీసుకెళ్ళడానికి లూసియా అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి వచ్చింది. మేము వెళ్ళబోయే ఊళ్ళో గానుగ యజమాని కూతురు. పక్క పట్నంలో ఇంగ్లీషు టీచరు. ఆ తర్వాత ఎవరితో ఏం మాట్లాడినా ఆమె నోటి ద్వారానే.

రోడ్డు పక్క పెనం ముందు ఒకావిడ రొట్టెలు కాలుస్తోంది. మొక్కజొన్న ముద్దలో ఉడికించిన చిక్కుడు గింజల ముద్ద, జున్ను పెట్టి, అరచేతుల మధ్య తడుతూ గుండ్రంగా చేసి కాలుస్తారు. పుపూసా అంటారు. పక్కన పులిసిన క్యాబేజీ. ఒక్కొక్కటి ఒక డాలరు. అక్కడ అమెరికా డాలరే చలామణీ. మన లెక్కన ఎనభై చిల్లర పెట్టి ఒక రొట్టె తినాలంటే బావకు మనసొప్పలేదు. తిన్నాక ఇంకో మూడు చెప్పాడు.

మూడోది తింటుండగా బల్ల మీద గ్లాసులో నీళ్ళు వణికాయి. బావ రోడ్డు వైపు చూశాడు.

"పెద్ద లారీ ఏదో పోయినట్టుంది."

రోడ్డు మీద లారీ ఏదీ లేదు. రొట్టెలావిడ చేతులు ఆగనేలేదు. అక్కడ కూర్చున్నవాళ్ళలో ఒకాయన వేళ్ళతో రెండు అని చూపించాడు. ఆ ఉదయం నుంచి అది రెండోదట. నా జీవితంలో మొదటి భూకంపం అలా, రొట్టె ముక్క నోట్లో ఉండగా అయిపోయింది.

లూసియా విషయం విడమరిచింది. సముద్రం అడుగున ఉన్న రాతిపలక ఒకటి ఏడాదికి సుమారు బెత్తెడు చొప్పున జరుగుతూ వచ్చి, ఈ దేశం కూర్చున్న పలక కిందికి దూరుతోంది. రాపిడికి నేల అదురుతుంది. లోపలికి పోయిన పలకతోపాటు వెళ్ళిన నీరు పైరాయిని కరిగిస్తే, ఆ కరిగినది పైకి ఎగదన్ని అగ్నిపర్వతం అవుతుంది. నేను దాన్ని తెలుగులో చెప్పబోతుంటే బావ చెయ్యి అడ్డం పెట్టాడు.

"తెలిసింది బావా. పెనంలో రసం కాగినప్పుడు పైన తెట్టు కడతాది సూడు. ఆ తెట్టు ముక్కలు ఒకదాని కిందకొకటి దూరతాయి. సందుల్లోంచి రసం బుడబుడ పైకొత్తాది. అంతేనా?"

అంతే. ముప్పై ఏళ్ళు బోర్డు మీద బాణం గుర్తులు గీసిన నాకు ఆ పోలిక ఒక్కసారీ తట్టలేదు. మన టీవీల్లో గ్రహాల కూటమి చూసి ఫలానా వారం భూమి కంపిస్తుందని చెప్పే పెద్దమనుషులున్నారు. కంపించకపోతే తమ హోమం ఆపిందంటారు. కంపిస్తే తామే ముందు చెప్పామంటారు. ఓడిపోయే వీలే లేని వాదాన్ని వాదమనరు, వ్యాపారమంటారు. వాళ్ళందరినీ తెచ్చి మా బావ పెనం పక్కన ఒక్క పూట కూర్చోబెట్టాలనిపించింది.

జంట శిఖరాల కింద

మేము వెళ్ళిన ఊరు చిచోంతెపెక్ అనే అగ్నిపర్వతం వాలులో ఉంది. రెండు శిఖరాల కొండ. నిప్పు కక్కి వేల ఏళ్ళయిందంటారు కానీ లోపల ఇంకా వేడి చావలేదు. వాలులో అక్కడక్కడ నేలలోంచి ఆవిరి లేస్తుంది, నీళ్ళు ఉడుకుతాయి, కుళ్ళిన గుడ్డు వాసన వేస్తుంది. ఆ చోట్లని చిన్న నరకాలు అని పిలుస్తారు. చిన్న నరకాలకు కూతవేటు దూరంలో చెరకు తోటలు, కాఫీ చెట్లు, ఇళ్ళు, బడి. బూడిద నేల కదా, ఏం వేసినా పండుతుంది. ఎందుకు ఇక్కడే ఉన్నారని అడగాలనుకుని వెళ్ళిన నేను, ఆ చెరకు లావు చూసి అడగడం మానేశాను.

గానుగ యజమాని పేరు చెపే. లూసియా తండ్రి. యాభై అయిదేళ్ళ మనిషి, పొట్టి, మాట తక్కువ. మా బావ, ఆయన ఒకరినొకరు చూసుకుని తలూపారు. తర్వాత ఇద్దరూ నన్నూ లూసియానూ వదిలేసి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయారు. అక్కడ వాళ్ళకు అనువాదం అక్కర్లేకపోయింది. ఎండిన చెరకు పిప్పితో మంట, వరుసగా పెనాలు, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి రసం తోడడం, అంతా మన పనే. మురికి విరగడానికి మనం బెండ కాండం దంచి ఆ జిగురు కలుపుతాం. వాళ్ళు ఒక అడవి మొక్క బెరడు నానబెట్టి ఆ జిగురు కలుపుతారు. బావ ఆ జిగురులో వేళ్ళు ముంచి, సాగదీసి చూసి, చెపే భుజం మీద చరిచాడు.

"మనోడే బావా ఈడు" అన్నాడు నాతో.

తేడాలు లేకపోలేదు. మన దగ్గర పసుపుపచ్చగా మెరిస్తేనే వ్యాపారి చెయ్యి చాస్తాడు. ఆ మెరుపు కోసం ఏవేవో మందులు కలుపుతారు. అక్కడ ముదురు గోధుమ రంగే మంచి రంగు. బెల్లం అచ్చుల్ని రెండేసి చొప్పున ఎండు ఆకుల్లో చుట్టి కడతారు. జత రెండు డాలర్లు. నల్లగా ఉన్నందుకు ధర తగ్గించే మనిషి ఎవరూ లేరని విని బావ ఒక అచ్చు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

పని చేసేవాళ్ళు మా బావను డాన్ అప్పలా అని పిలవడం మొదలుపెట్టారు. డాన్ అంటే అక్కడ గారు అని అర్థం.

"మనూర్లో సెప్పకు బావా, నవ్వుతారు" అన్నాడు. అన్నాడే కానీ పిలిచినప్పుడల్లా ఛాతీ కాస్త ముందుకొచ్చేది.

పొయ్యి నోటి పైన చెరకాకుతో చేసిన సిలువ వేలాడుతోంది. మనవాళ్ళు పొయ్యికి పసుపు రాసి నిమ్మకాయ పెట్టినట్టే. నా నాలుక ఊరుకోదు కదా, ఇది లేకపోతే పాకం కుదరదా అని చెపేని అడిగాను. ఆయన లూసియా వైపు చూసి ఒక ముక్క అన్నాడు.

"మా నాన్న ఏమంటున్నారంటే, కుదురుతుంది, కానీ మా అమ్మ ఊరుకోదట."

సభల్లో ఇంత నిజాయితీగల ఆస్తికుడు నాకెప్పుడూ ఎదురు కాలేదు. వాదం అక్కడితో ఆపేశాను.

మార్తా నోట్‌బుక్

గానుగ పాకకు పైన, యాభై మెట్లెక్కితే చెపే అక్క మార్తా ఇల్లు. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. మేము బస చేసింది ఆమె ఇంట్లోనే. మొదటి ఉదయం కాఫీ తాగుతుండగా ఆమె ఒక థర్మామీటరు, కాగితం ముక్కల డబ్బా, నోట్‌బుక్కు పట్టుకుని బయటికి వెళ్ళింది. నేనూ వెంట వెళ్ళాను.

ఆ దేశంలో ఒక పద్ధతి ఉంది. కొండల మీద యంత్రాలు ఎన్ని పెట్టినా చాలవని, కొండ పక్క ఊళ్ళలో మామూలు రైతుల్నే పరిశీలకులుగా పెట్టుకున్నారు. జీతం లేదు. ఒక రేడియో సెట్టు, కొంచెం శిక్షణ ఇస్తారు. మార్తా రోజూ ఉదయం పాక వెనకున్న వేడినీటి గుంటలో నీటి వేడి చూస్తుంది, పాతిపెట్టిన గీతల కర్రతో లోతు చూస్తుంది, కాగితం ముంచి పులుపు చూస్తుంది. భూమిలోంచి వచ్చే వాయువుల వల్ల ఆ నీరు ఎప్పుడూ పులుపే, కాగితం నారింజ రంగుకు తిరుగుతుంది. ఆరున్నరకు రాజధానిలోని కేంద్రానికి రేడియోలో చెబుతుంది. కొండ చుట్టూ ఉన్న పరిశీలకులందరూ ఒకే రేడియో మీద ఒకరి తర్వాత ఒకరు చెబుతారు, ఒకరి మాట ఒకరు వింటారు. మూడో క్లాసు చదివిన ఆమె పదమూడేళ్ళలో ఒక్క రోజు కూడా మానలేదు. ఆ నోట్‌బుక్కులు మంచం కింద దొంతరగా ఉన్నాయి. నేను ఒక్కొక్కటీ తీసి గంటసేపు తిరగేశాను. గుడికి వెళ్ళిన భక్తుడు ఎలా ఉంటాడో ఆ గంటసేపు నాకు తెలిసింది.

కానీ ఆ ఇంటికీ, కింద పాకకూ మాటల్లేవు. పోయిన ఏడాది గానుగ ఆడే రోజుల్లోనే నీటి వేడి పెరిగింది. మార్తా చెప్పింది. అధికారులు పదకొండు రోజులు దారి మూసేశారు. కొట్టిన చెరకు పులిసిపోయింది. ఊళ్ళో ఉన్న మూడు గానుగలూ దెబ్బతిన్నాయి. కొండ మాత్రం ఏమీ చెయ్యలేదు. అప్పటి నుంచి ఊరు ఆమెను పిరికిదంటోంది, కొందరు అబద్ధాలకోరంటున్నారు. సొంత తమ్ముడు చెపే ఆమె గడప తొక్కలేదు.

"అత్తయ్యకు భయం కొండ గురించి లేదు" అంది లూసియా. "ఇంకోసారి ఆమె చెప్పినప్పుడు ఎవరూ కదలరేమో అని."

మా తీరంలోని జాలర్ల ఊరు పూడిమడక గుర్తొచ్చింది. తుఫాను వస్తుంది, వేటకు పోవద్దని హెచ్చరిస్తారు. తుఫాను ఒరిస్సా వైపు తిరుగుతుంది. ఒడ్డున పడవలు, ఇంట్లో ఖాళీ కుండలు. తిట్లు మాత్రం హెచ్చరించినవాళ్ళకే. నాలుగోసారి హెచ్చరిక విని నవ్వి పోయినవాళ్ళలో తిరిగి రానివాళ్ళను మా తరం ఎరుగుదుం.

నీలం రంగుకు తిరిగిన కాగితం

నాలుగో రోజు సాయంత్రం మా బావ తన పద్ధతిలో ఒక పెనం వండి చూపించాడు. మార్తా వంటింట్లోంచి సున్నం తెచ్చుకుని బకెట్టు నిండా సున్నపు పాలు చేశాడు. బెల్లం బాగా వచ్చింది. చెపే ఒక ముక్క కొరికి, ఇంకో ముక్క జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఉదయం మార్తా గుంట దగ్గర వంగి, కాగితం ముంచి, తీసి, అలాగే ఉండిపోయింది. నారింజ రంగు రావలసిన కాగితం ఆకుపచ్చ దాటి నీలం వైపు పోయింది. ఇంకో కాగితం ముంచింది. అదే రంగు. వేడి మామూలుగానే ఉంది, లోతు మామూలుగానే ఉంది. పదమూడేళ్ళలో ఆ రంగు చూడలేదంది. ఆమె నోట్‌బుక్కు తెరవడానికి చాలాసేపు పట్టింది. కింద పాక ముందు మూడు రోజులకు సరిపడా చెరకు కొట్టి పోగుపెట్టి ఉంది.

నేను గుంట చుట్టూ చూశాను. గట్టు మీద తెల్లటి చారలు. ఇంటికి పరిగెత్తి బావను లేపాను.

"బావా, నిన్న సున్నం బకెట్టు ఎక్కడ కడిగావు?"

"పాకెనకాల గుంటలో. కడగడం కాదు బావా, మిగిలిందంతా అందులోనే పోసేను."

"ఎందుకు పోశావు?"

"నీళ్ళు కంపు కొడతన్నాయి కదేటి. మన నూతిలో ఏత్తాం సూడు, అలాగే తేరతాయని పోసేను. ఇంత అన్నం పెడతన్నారు, ఆ మాత్రం సెయ్యకపోతే ఎలాగ?"

వానాకాలంలో బావిలో సున్నం వేసి నీళ్ళు శుభ్రం చెయ్యడం మన ఊళ్ళలో పెద్దల నాటి అలవాటు. అగ్నిపర్వతం ఊటను శుభ్రం చెయ్యబోయిన మొదటి మనిషి బహుశా మా బావే. జరిగింది చెప్పగానే అతని ముఖం పాలిపోయింది. చొక్కా కూడా వేసుకోకుండా మార్తా ముందుకు వెళ్ళి నిలబడ్డాడు.

"నేనేనమ్మా పోసేను. ఈ సేత్తోనే" అని చెయ్యి చూపించాడు. లూసియా చెప్పకముందే ఆమెకు అర్థమైంది.

ఇక నేను చేసిన పని చెప్పాలి. దాచడానికి మనసొప్పడం లేదు. కారణం దొరికింది కదా, ఈ రోజు రంగు రాయకండి అన్నాను ఆమెతో. కొండ మారితే పులుపు పెరగాలి, ఇది తగ్గింది, ఇది కచ్చితంగా సున్నమే అన్నాను. రాస్తే మళ్ళీ దారి మూస్తారు, మీ మీద మళ్ళీ పడతారు, గుంట కడిగేసి రేపు రాయండి అన్నాను. మనసులో బావ పరువు కూడా ఉంది.

మార్తా నెమ్మదిగా చెప్పింది. లూసియా ఒక్కొక్క మాటా ఆగి ఆగి ఇంగ్లీషులో అంది.

"సున్నం పోశారని మీరు చెప్పారు. అది రాస్తాను. కాగితం నీలమైందని నేను చూశాను. అదీ రాస్తాను. రెండూ చెబుతాను. ఏది ఏమిటో వాళ్ళు తేలుస్తారు. ఈ రోజు నాకు నచ్చలేదని ఒక గడి ఖాళీగా వదిలితే, మంచం కింద ఉన్న పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టుకోవాలి, మాస్టారూ."

సాక్ష్యం చూపించు, సాక్ష్యం చూపించు అని ముప్పై ఏళ్ళు వేదికలెక్కి అరిచిన వాణ్ణి. తలూపాను.

రేడియోలో డాన్ అప్పలా

అప్పటికే గుంట రంగు మాట కిందికి చేరింది. మార్తా రేడియో ముందు కూర్చునేసరికి గేటు దగ్గర చెపే నిలబడి ఉన్నాడు. ఏడాదిలో అదే మొదటిసారట ఆయన అంత దూరం రావడం. లోపలికి రాలేదు. గేటు మీద రెండు చేతులూ వేసి, ముఖం ముడుచుకుని ఉన్నాడు.

మార్తా మామూలు గొంతుతోనే చెప్పింది. వేడి ఇంత, లోతు ఇంత, కాగితం నీలం. ఇండియా నుంచి వచ్చిన బెల్లం రైతు నిన్న సాయంత్రం గుంటలో ఒక బకెట్టు సున్నపు నీళ్ళు పోశాడు, నీళ్ళు బాగుపడాలని.

తర్వాత కేంద్రంలోని గొంతు ఆ చివరి మాట మళ్ళీ చెప్పమంది. మార్తా మళ్ళీ చెప్పింది. కొండ అవతలి వైపు నుంచి ఒక ముసలి గొంతు మధ్యలో దూరింది. లూసియా నవ్వు ఆపుకోలేక ఆగి ఆగి చెప్పింది.

"మార్తా, ఆ పెద్దమనిషిని మా ఊరు మాత్రం పంపకు. మా గుంట శుభ్రంగానే ఉంది."

కొండ చుట్టూ ఉన్న పరిశీలకులు ఒకరి తర్వాత ఒకరు నవ్వారు. కేంద్రం వాళ్ళు మాత్రం నవ్వుతో వదిలెయ్యలేదు. పైనున్న రెండో ఊట చూడమన్నారు, మధ్యాహ్నం మళ్ళీ చెప్పమన్నారు, రేపు రెండుసార్లు చూడమన్నారు. దారి మూసే మాట ఎత్తలేదు.

గేటు దగ్గర చెపే కదలలేదు.

"పోయిన ఏడాది కూడా ఇలాగే చెప్పావా?" అన్నాడు.

"ఇలాగే."

"కొండ పేలుతుందని చెప్పలేదా?"

"నాకెలా తెలుస్తుంది పేలుతుందో లేదో? వేడి ఇంత పెరిగిందని చెప్పాను. నువ్వు వినడానికి వస్తే కదా."

ఆయన గేటు మీంచి చేతులు తీశాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు. పైన ఊట మామూలుగానే ఉంది. మా బావ ఆ రోజంతా బకెట్లతో గుంట తోడాడు. వద్దంటే వినలేదు. మూడో నాటికి కాగితం మళ్ళీ నారింజ రంగుకు వచ్చింది. ఆ ఊళ్ళో మా బావకు అంతకు మించిన సంతోషం ఇంకోటి కలగలేదు.

చివరి పెనం

తొమ్మిదో రోజు, మధ్యాహ్నం బస్సుకు మా ప్రయాణం. పొద్దున పది గంటలకు చివరి పెనం పాకానికి వచ్చింది. చెపే, బావ చెరో పక్క నిలబడ్డారు. బెల్లం వండేవాళ్ళకు ఆ కాసేపు ప్రపంచం లేదు. నీళ్ళలో వేసిన పాకం చుక్క ఉండ కడుతోందో లేదో వేళ్ళతో నొక్కి చూస్తారు. రెండు నిమిషాలు ముందు దించితే జారుతుంది, రెండు నిమిషాలు ఆలస్యమైతే పెనానికి పట్టేస్తుంది.

అప్పుడు నేల కదిలింది. పుపూసా తిన్ననాటిదానిలా లేదు. కప్పు మీద పెంకులు గలగలమన్నాయి, పాకం మీద అలలు లేచాయి, పది లెక్కపెట్టేంతసేపు నేల ఆగలేదు. బావా నేనూ బయట పడ్డాం. పనివాళ్ళు తలుపు దాకా వచ్చి ఆగారు. చెపే గరిటె వదల్లేదు.

పైనుంచి మార్తా కేక వినిపించింది. ఆమె అప్పుడే గుంట దగ్గరికి వెళ్ళి చూసింది. నీరు నాలుగు వేళ్ళు దిగిపోయింది, పాక వెనక వాగులో రాళ్ళు జారుతున్నాయి. కేంద్రం చెప్పేదాకా పాక ఖాళీ చెయ్యమంది.

అందరూ చెపే వైపు చూశారు. ఆయన పెనం వైపు చూశాడు.

"ఇంకో రెండు నిమిషాలు బావా" అన్నాడు అప్పలనాయుడు నా చెవిలో. "దించేత్తే సాలు. నేనైతే దించే వత్తాను."

చెపే గరిటె కింద పడేశాడు. పొడుగాటి ఇనుప కర్రతో పొయ్యిలోంచి మంట బయటికి లాగాడు. పనివాళ్ళ మీద గట్టిగా ఒక అరుపు అరిచి, అందరికంటే చివర బయటికి వచ్చాడు. ఉండ కట్టిన పాకం వేడి పెనంలో అలాగే ఉండిపోయింది. బావ కళ్ళు మూసుకున్నాడు.

రెండు గంటలు చెరకు చేలో కూర్చున్నాం. ఎవరో మొక్కజొన్న రొట్టెలు పంచారు. పన్నెండు దాటాక కేంద్రం నుంచి కబురొచ్చింది. నేల లోపల పలక సర్దుకుందట, కొండ మాత్రం ప్రశాంతంగా ఉందట, వెళ్ళొచ్చన్నారు. వాగులో రాళ్ళు పాక దాకా రాలేదు. పెంకు ఒక్కటి కూడా ఊడలేదు.

ఎవరైనా మార్తాను ఒక మాట అంటారేమోనని నేను చెవులు రిక్కించి నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. పనివాళ్ళు టోపీలు దులుపుకుని లోపలికి నడిచారు. పెనంలో బెల్లం రాయిలా బిగిసిపోయింది. బావా చెపే ఉలీ సుత్తీ పట్టుకుని కొట్టడం మొదలుపెట్టారు. మొదటి ముక్క ఊడగానే చెపే దాన్ని చెరకాకులో పెట్టుకుని మెట్లెక్కాడు. గేటు తెరుచుకుని, గడప దాటి లోపలికి వెళ్ళాడు. మా సామాను ఆ ఇంట్లోనే ఉంది కాబట్టి మేమూ వెనకే వెళ్ళాం.

మార్తా ముక్క నోట్లో వేసుకుంది.

"మాడింది" అంది.

"మాడలేదు. కాస్త ముదిరింది" అన్నాడు చెపే.

"మాడింది, చెపే. మంట లాగడం ఆలస్యం చేశావు."

"నువ్వు అరవడం ఆలస్యం చేశావు."

"నా కాళ్ళకు నీ కాళ్ళకన్నా వయసెక్కువ."

అక్కడి దాకా చెప్పి లూసియా అనువదించడం మానేసింది. మాకూ ఆ అవసరం కలగలేదు. బావ ఒక ముక్క కొరికి, అక్క వైపూ తమ్ముడి వైపూ మార్చి మార్చి చూసి, ఎవరి పక్షమూ తీసుకోకుండా నమిలాడు. నిజానికి అది మాడింది. నేనూ ఆ మాట అనలేదు. మేము బస్సెక్కి కిటికీలోంచి చెయ్యి ఊపినప్పుడు కూడా వాళ్ళిద్దరూ గేటు దగ్గర నిలబడి, మమ్మల్ని మరిచిపోయి, ఆ ముక్క గురించే వాదించుకుంటున్నారు.